రోడ్డు ప్రమాదంలో గాయపడ్డారా? సర్టిఫికెట్‌లో 50 శాతం వైకల్యం ఉన్నా, 100 శాతం పరిహారం రావచ్చు.. ఎలాగంటే?

రోడ్డు ప్రమాదం జరిగింది. కాలో చెయ్యో పోయింది. ఆస్పత్రి బెడ్ మీద ఉండగానే అవతలి వాళ్లు వచ్చి "ఎందుకొచ్చిన కోర్టు గొడవ.. ఈ డబ్బు తీసుకుని రాజీ పడండి" అంటారు. ఇంట్లో చూస్తే ఆస్పత్రి బిల్లు కట్టడానికే డబ్బుల్లేవు. దాంతో చేతికి అందింది తీసుకుని సంతకం పెట్టేస్తారు. చాలా కేసులు అక్కడితోనే ముగిసిపోతాయి. కానీ ఆ గాయానికి చట్టం ప్రకారం ఎంత రావాలో తెలిస్తే ఆ సంతకం పెట్టే ముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. ఇంతకీ పరిహారం ఎలా లెక్కిస్తారు? ఎక్కడ అడగాలి? ఏ కాగితాలు దాచుకోవాలి? ఆ వివరాలు తెలుసుకుందాం.

అసలు ఈ హక్కు ఎక్కడిది?

ఒకరి నిర్లక్ష్యం వల్ల మరొకరికి నష్టం జరిగితే, ఆ నష్టాన్ని డబ్బు రూపంలో పూడ్చాల్సిన బాధ్యత తప్పు చేసినవారిదే. న్యాయ పరిభాషలో దీన్ని 'టార్ట్' అంటారు. రోడ్డు ప్రమాదాల విషయంలో ఈ సూత్రానికి మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988 ఒక స్పష్టమైన దారి చూపించింది. సెక్షన్ 166 కింద మోటారు ప్రమాద క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో పిటిషన్ వేయొచ్చు. ప్రతి వాహనానికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాబట్టి, సాధారణంగా ఆ డబ్బు చెల్లించేది బీమా కంపెనీయే.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం ఉంటుంది. డ్రైవర్ మీద పెట్టిన క్రిమినల్ కేసు కొట్టేస్తే పరిహారం కూడా పోయినట్టేనా? కాదు. క్రిమినల్ కేసులో అనుమానానికి తావులేకుండా నేరం రుజువు కావాలి. ట్రైబ్యునల్‌లో అంత అవసరం లేదు. సాక్ష్యాలన్నీ చూశాక, తప్పు అవతలివాళ్లదే అయి ఉండేందుకు ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలు. అయితే మీ తప్పు కూడా కొంత ఉందని తేలితే, ఆ మేరకు పరిహారంలో కోత పడుతుంది.

గాయం ఒకటే.. నష్టం ఒకటి కాదు

అసలు విషయం ఇక్కడే ఉంది. పరిహారం అంటే గాయానికి రేటు కట్టడం కాదు. ఆ గాయం వల్ల మీ సంపాదన ఎంత పోయిందన్నదే లెక్క. 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన వ్యక్తి డ్రైవరో, వడ్రంగో అయితే అతని సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టే. అదే వ్యక్తి ప్రభుత్వ ఆఫీసులో క్లర్క్ అయితే ఉద్యోగం కొనసాగవచ్చు. వైద్యపరంగా వైకల్యం ఇద్దరికీ ఒకటే అయినా, బతుకుదెరువు మీద దెబ్బ మాత్రం ఒకటి కాదు.

కాబట్టి డాక్టర్ ఇచ్చే శాతం వేరు, సంపాదనలో పోయిన శాతం వేరు. మరో తిరకాసు కూడా ఉంది. ఒక కాలికి 45 శాతం వైకల్యం అని రాస్తే, అది మొత్తం శరీరానికి 45 శాతం కింద లెక్క కాదు. అందుకే సర్టిఫికెట్‌లో ఆ శాతం ఏ అవయవానికి, మొత్తం శరీరానికి ఎంత అన్నది స్పష్టంగా ఉండేలా చూసుకోవాలి.

లెక్క ఇలా..

ఉదాహరణకు 32 ఏళ్ల లారీ డ్రైవర్‌నే తీసుకుందాం. నెలకు రూ.18 వేలు సంపాదిస్తున్నాడు. ప్రమాదంలో కుడి కాలు తీసేశారు. మొత్తం శరీరానికి 50 శాతం వైకల్యం అని సర్టిఫికెట్ ఇచ్చారు అనుకుందాం.

* ఏడాది ఆదాయం: 18,000 × 12 = రూ.2,16,000
* భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే: రూ.3,02,400
* వయసును బట్టి గుణకం (31–35 ఏళ్లకు 16): 3,02,400 × 16 = రూ.48,38,400

ట్రైబ్యునల్ సర్టిఫికెట్‌లోని 50 శాతాన్నే తీసుకుంటే అతనికి వచ్చేది రూ.24,19,200. అదే 'ఈ కాలుతో ఇక లారీ నడపలేడు, వేరే పనీ రాదు' అని నిరూపించగలిగితే 100 శాతం నష్టం కింద రూ.48,38,400 వస్తుంది. మనిషి ఒక్కడే, గాయమూ ఒక్కటే. తేడా మాత్రం రూ.24 లక్షల పైనే!

ఈ గుణకాల పట్టికను 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 15 నుంచి 25 ఏళ్ల వారికి 18 ఉంటే, వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ 65 దాటినవారికి 5కు చేరుతుంది. భవిష్యత్ ఆదాయం శాతాలను 2017లో ప్రణయ్ సేథి తీర్పు తేల్చింది. సొంత పని చేసుకునేవారు, స్థిర జీతం ఉన్నవారికి 40 ఏళ్లలోపైతే 40 శాతం, 40–50 మధ్య 25 శాతం, 50–60 మధ్య 10 శాతం కలుపుతారు. అదే పర్మినెంట్ ఉద్యోగులకైతే 50, 30, 15 శాతం. ఇది మరణించిన కేసులకే కాదు, శాశ్వత వైకల్యం వచ్చిన కేసులకూ వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇంకేం అడగొచ్చు?

సంపాదన నష్టం ఒక్కటే కాదు. ఆస్పత్రి, మందుల ఖర్చు, ఆస్పత్రికి తిరిగిన చార్జీలు, బలమైన ఆహారానికి అయిన ఖర్చు, మంచం మీద ఉన్న నెలల్లో పోయిన జీతం కూడా అడగొచ్చు. కృత్రిమ కాలు, మళ్లీ చేయాల్సిన ఆపరేషన్లు లాంటి ముందుముందు ఖర్చులకూ చోటుంది. వీటికి తోడు నొప్పి, బాధ, మునుపటిలా బతకలేకపోవడం, పెళ్లి అవకాశాలు దెబ్బతినడం వంటివాటికి విడిగా ఇస్తారు. మంచానికే పరిమితమైనవారిని చూసుకునే మనిషి ఖర్చునూ కోర్టులు ఇప్పిస్తున్నాయి. 2020లో ఒక బాలిక కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకులకు కలిపి నెలకు రూ.10 వేల చొప్పున, 18 గుణకంతో లెక్కగట్టి రూ.21.60 లక్షలు ఈ ఒక్క ఖర్చు కిందే మంజూరు చేసింది.

ఇంటి పని చూసుకునే గృహిణి గాయపడితే 'ఆమెకు ఆదాయం లేదుగా' అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆమె చేసే పనికీ విలువ కట్టాల్సిందే.

ఈ కాగితాలు జాగ్రత్త

ఫలానా పని ఇక చేయలేను అని నోటితో చెబితే సరిపోదు, చూపించాలి. అందుకే మొదటి రోజు నుంచే ఇవి దాచుకోండి.

* ఎఫ్ఐఆర్, పంచనామా, చార్జిషీటు కాపీలు. ఎఫ్ఐఆర్ లేకుండా రాజీ పడితే తర్వాత ప్రమాదాన్ని నిరూపించడమే కష్టమవుతుంది
* డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ప్రతి మందుల బిల్లు
* మెడికల్ బోర్డు ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం. అవసరమైతే డాక్టర్‌ను సాక్షిగా పిలిపించాలి
* మీ వృత్తికి రుజువు: డ్రైవింగ్ లైసెన్సు, యజమాని ఇచ్చిన లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్, షాపు రిజిస్ట్రేషన్ లాంటివి

ఆదాయానికి ఏ ఆధారమూ లేకపోతే చాలాసార్లు కనీస వేతనాన్నే లెక్కలోకి తీసుకుంటారు. నెలకు రూ.25 వేలు సంపాదించే మేస్త్రీ కూడా అక్కడే నష్టపోతాడు.

ఎక్కడ, ఎప్పటిలోగా?

ప్రమాదం జరిగిన చోటే కేసు వేయాలని లేదు. మీరు నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లో కూడా వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఈ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆలస్యమైందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో కోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అయినా ఆ ధీమాతో ఆలస్యం చేయకుండా 6 నెలల్లోపే వేసేయడం మంచిది.

తప్పు ఎవరిదన్న రుజువు లేకుండానే సెక్షన్ 164 కింద మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు వస్తాయి. కానీ జాగ్రత్త! ఈ మొత్తాన్ని సెటిల్‌మెంట్‌గా తీసుకుంటే ట్రైబ్యునల్‌లో వేసిన పిటిషన్ రద్దయిపోతుంది. పైన చెప్పిన లారీ డ్రైవర్ రూ.2.5 లక్షలకు సంతకం పెడితే ఎంత పోగొట్టుకున్నట్టో ఒకసారి లెక్క వేసుకోండి.

గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు ఇస్తారు. దీనికి ఆర్డీవో లేదా తహసీల్దార్ స్థాయిలోని విచారణ అధికారికి దరఖాస్తు చేయాలి. ఇక చికిత్సకు చేతిలో డబ్బు లేదని కంగారుపడొద్దు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో 7 రోజుల పాటు రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స అందుతుంది.

లాయర్ ఫీజు భరించలేకపోతే?

మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులతో పాటు తక్కువ ఆదాయం ఉన్నవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కేసు త్వరగానే తేలిపోతుంది. రాజీ పడటం తప్పేమీ కాదు. కానీ మీకు చట్టం ప్రకారం ఎంత రావాలో ముందు లెక్క వేయించుకున్నాకే ఎంతకు ఒప్పుకోవాలో తేల్చుకోండి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ కేసు విషయంలో న్యాయవాదిని సంప్రదించి నిర్ణయం తీసుకోండి.)