కుక్కలలో పిడుదుల కాటు – గుర్తింపు, చికిత్స

పొలాల వద్ద, పశువుల కొట్టాలలో కాపలా ఉండే కుక్కలను గోధుమ రంగు పిడుదులు ఎక్కువగా ఆశిస్తాయి. చెవుల లోపల, మెడ క్రింద, చంకలలో, కాలివ్రేళ్ళ సందులలో వెదకాలి. రక్తం త్రాగి ఉబ్బిన ఆడ పిడుదు చిన్న ఆముదపు గింజను పోలి ఉండటం వలన పులిపిరిగా పొరబడటం కద్దు. చర్మానికి ఆనిన చోట కాళ్ళు కనిపిస్తే అది పిడుదే.

పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకొని, మెలిపెట్టకుండా, నిదానంగా నిటారుగా లాగి, ఆ చోట అయోడిన్ పూయాలి. కిరోసిన్ పోయరాదు, అగ్గిపుల్లతో కాల్చరాదు, వట్టి చేతులతో నలపరాదు.

పైరుపై చల్లగా మిగిలిన పురుగుమందును కుక్కకు పూయడం అన్నింటికంటే పెద్ద పొరపాటు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు చర్మం ద్వారాను, కుక్క ఒళ్ళు నాకినపుడు నోటి ద్వారాను లోనికి చేరి చొంగ, వణకు, మూర్ఛ కలిగిస్తాయి. పిడుదుల కంటే ముందు కుక్కే చనిపోవచ్చు. పశువైద్యుడు సూచించిన మందునే, సూచించిన మోతాదులోనే వాడాలి.

పిడుదును తీసివేసినంతలో ప్రమాదం తొలగదు. ఎర్లీకియా క్రిమి సోకితే సుమారు 1 నుండి 3 వారాలలో జ్వరం, తిండి మానడం, ఒక్కొక్కప్పుడు ముక్కు నుండి రక్తం కారడం కనిపిస్తాయి. బెబీసియా సోకితే చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం కాఫీ రంగులో రావచ్చు. ఈ రెండింటికీ మందులు వేరు. కావున రక్తపరీక్ష చేయించాలి.

కడుపు నిండిన ఆడ పిడుదు రాలిపడి గోడ పగుళ్ళలో వేల గుడ్లు పెడుతుంది. పగుళ్ళు పూడ్చి, కుక్క పడుకొనే గోనెపట్టాను వారానికొకసారి మరిగే నీటిలో ఉతకాలి.