ఉడుముకు మట్టిల్లు

అమెరికాలో ఉన్న మన కుర్రాడొకడు ఉడుమును పెంచుతానంటున్నాడు. ముక్కున వేలేసుకోకండి. అక్కడి దుకాణాల్లో అమ్మేది మన చేలగట్ల మీద తిరిగే ఉడుము కాదు. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి విమానమెక్కి వచ్చే సవన్నా ఉడుము. మన ఉడుమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పెంచడం మాట అటుంచి, పట్టుకున్నా నేరమే.

కొన్నప్పుడు అది జానెడుంటుంది. గాజు తొట్టి, అడుగున ఇంత ఇసుక, పైన బల్బు చాలంటారు అమ్మేవాళ్లు. చూస్తుండగానే అది మూడడుగులవుతుంది. అప్పుడు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న చెక్క పెట్టె కావాలి. అందులో సగం మట్టే!

ఎందుకంత మట్టి అంటారా? సవన్నా అనగానే ఎడారి అనుకుంటారు గానీ, ఘనాలో పరిశోధకులు వెతికితే పిల్ల ఉడుములు పొలాల్లో కీచురాళ్లు తవ్విన బొరియల్లో దొరికాయి. పైన ఎండ మాడ్చేస్తున్నా బొరియలో చెమ్మ ఉంటుంది. మనం ఒంట్లోని చెత్తను యూరియాగా నీళ్లలో కలిపి పారేస్తాం. ఉడుము యూరిక్ ఆమ్లంగా మార్చి తెల్లటి ముద్దగా విసర్జిస్తుంది. ఒంట్లో నీరు తగ్గిందా, ఆ ఆమ్లం మూత్రపిండాల్లో, కీళ్లలో స్ఫటికాలు కడుతుంది. మనుషులను ఏడిపించే గౌటే అది. జాలీ మూతున్న గాజు తొట్టిలో వేడిగాలి పైకి లేచి, ఉన్న కాస్త చెమ్మనూ పట్టుకుపోతుంది. ఎన్ని నీళ్లు చిలకరించినా కాసేపే.

కాబట్టి రెండడుగుల మందాన తోటమన్ను, ఇసుక కలిపి పోయాలి. పిడికిట్లో పట్టి నొక్కితే సున్నుండలా నిలవాలి. అందులో వేలితో కన్నం పెడితే కూలకూడదు. పొడిపొడిగా రాలిపోయిందా, రేపు బొరియ కూడా అంతే, ఉడుము మీదే పడుతుంది. అన్నట్టు, ఆ మట్టి బరువు రెండు టన్నులు దాటుతుంది! అక్కడివి చెక్క ఇళ్లు. మేడమీద గదిలో పెడతానంటే ఒప్పుకోకండి.

ఇక వేడి. పెట్టెకు ఒక చివర, ఎండ కాచుకునే రాయి మీద 55 నుంచి 60 డిగ్రీలుండాలి. రెండో చివర పాతిక దగ్గర చాలు. ఉడుము తన వేడిని తాను పుట్టించుకోలేదు, అటూ ఇటూ నడిచి సర్దుకుంటుంది. ఒకే పెద్ద బల్బు పెడితే వీపు మీద ఒక్కచోట కాలుతుంది, తోక చల్లగానే ఉంటుంది. చిన్న హాలోజన్ బల్బులు మూడు వరసగా పెడితే ఒళ్లంతా సమంగా కాగుతుంది. రాయి వేడిని చేత్తో తాకి చెప్పకూడదు, దూరం నుంచే కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడాలి. విటమిన్ డి కోసం అతినీలలోహిత దీపమూ ఉండాలి.

ఎలుకలు మేపేస్తారు కొందరు, ఒట్టి కొవ్వు పడుతుంది. అడవిలో దాని తిండి పురుగులూ నత్తలే.

నీళ్ల తొట్టి ఒళ్లంతా మునిగేంత పెట్టాలి. రోజూ కడిగి మార్చాలి కూడా, చాలాసార్లు దొడ్డికి పోయేది అందులోనే.