మింగలేని మనిషికి పొట్టలోకి గొట్టం

మొఘల్‌పురా నుంచి ఒక సోదరి ఇలా రాశారు: “మావారి వయసు 52. రెండేళ్ళ క్రితం చేతులు పట్టు తప్పాయి. ఇప్పుడు మాట ముద్దగా వస్తోంది. మంచినీళ్ళు తాగినా పొలమారుతోంది. నాలుగు ముద్దలు తినడానికి గంట పడుతోంది. ఏ.ఎల్.ఎస్. అన్నారు. పొట్టకు గొట్టం వేయించమంటున్నారు. గొట్టం వేశారంటే ఇక ఆశ వదులుకున్నట్టే అని మా అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?”

ముందు మీ అత్తయ్యగారి భయం సంగతి చూద్దాం. అది ఆమె ఒక్కరి భయం కాదు. మనవాళ్ళు గొట్టం చూసేది ఎక్కువగా ఆసుపత్రిలో, ఆఖరి ఘడియల్లో ఉన్నవాళ్ళ ముక్కుకి. అది రైల్స్ ట్యూబు, కొద్దిరోజుల అవసరానికి వేసేది. మీవారికి వెయ్యాలంటున్నది పెగ్ ట్యూబు. పై పొట్ట మీద చిన్న రంధ్రం చేసి సరాసరి జీర్ణాశయంలోకి అమర్చుతారు. చొక్కా వేసుకుంటే పైకి కనిపించదు. నెలల తరబడి ఉంచుకోవచ్చు. పూర్వం దీనికోసం పొట్ట కోయాల్సి వచ్చేది. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పోన్‌స్కీ అనే డాక్టర్లు ఎండోస్కోపు సాయంతో పెద్ద కోత లేకుండా అమర్చే పద్ధతి మొదలుపెట్టారు. మొదట పసిపిల్లలకే వేశారు.

ఏ.ఎల్.ఎస్.లో కండరాలను కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటే దెబ్బతింటాయి. నాలుక, గొంతు కండరాలు బలహీనపడితే ముద్ద దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాంతో న్యుమోనియా వస్తుంది. తిండి చాలక బరువు తగ్గుతుంది. ఈ గొట్టం జబ్బును నయం చెయ్యదు. సొంత ఉమ్మి పొలమారకుండా ఆపలేదు. తిండి, నీళ్ళు, మందులు సరిగా అందేట్టు చేస్తుంది. తినడమే ఒక శిక్ష అయిపోయిన ఇంట్లో అది చిన్న మేలు కాదు.

అసలు విషయం ఆలస్యం గురించి. ఈ జబ్బు ఊపిరి పీల్చే కండరాలనూ వదలదు. అవి బాగా బలహీనపడ్డాక పడుకోబెట్టి, మత్తుమందిచ్చి ఎండోస్కోపీ చెయ్యడం ప్రమాదం. అందుకే నోటితో గట్టిగా ఊదించి ఊపిరి బలం కొలుస్తారు. అది ఉండాల్సినదాంట్లో సగానికి పడిపోకముందే గొట్టం వేయించుకోవాలని డాక్టర్ల సలహా. తర్వాత అసలే కుదరదని కాదు. ఊపిరికి సాయంచేసే బైపాప్ మాస్కు పెట్టి గానీ, ఎక్స్‌రే సాయంతో గానీ వేస్తారు. కానీ ప్రమాదం పెరుగుతుంది. “నోరు పూర్తిగా పడిపోయాక చూద్దాంలే” అనుకునేవాళ్ళే ఎక్కువగా నష్టపోతారు. తినగలిగినప్పుడే వేయించుకున్నా నోటితో తినడం మానక్కర్లేదు. చాలినంత నోటితో తిని, మిగతాది గొట్టంలో పోసుకోవచ్చు.

గొట్టం వేసే ముందు సుమారు 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. సూది మీద కొద్దిగా మత్తు, పొట్ట మీద తిమ్మిరిమందు ఇస్తారు. అరగంటలోపు పని. గొట్టం పెన్సిలంత లావుంటుంది. చీము పట్టకుండా యాంటీబయాటిక్ ఇస్తారు. రెండుమూడు రోజులు దగ్గినా లేచినా అక్కడ నొప్పిగా ఉంటుంది. మొదట నీళ్ళు పోసి చూసి, తర్వాతే ఆహారం మొదలుపెడతారు. పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా, పోస్తుంటే విపరీతంగా నొప్పి పుట్టినా వెంటనే ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక ఇంటి దగ్గర. మనిషిని ఒరిగి కూర్చోబెట్టి పొయ్యాలి, తర్వాత ముప్పావుగంట అలాగే ఉంచాలి. పడుకోబెట్టి ఎప్పుడూ పొయ్యకండి. పోసే ముందూ తర్వాతా సిరంజితో గోరువెచ్చని నీళ్ళు ఎక్కించండి, లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. రాగిజావ, పప్పుకట్టు, పాలు, మిక్సీలో మెత్తగా చేసి గుడ్డలో వడకట్టిన అన్నం, కూర ఇవ్వొచ్చు. ఎంత పొయ్యాలో ఆసుపత్రి డైటీషియన్‌తో రాయించుకోండి. ఉత్త గంజి పోస్తే కడుపు నిండుతుందిగానీ బరువు నిలవదు. మందులు ఆహారంలో కలపకుండా విడిగా నూరి ఇవ్వండి. కొన్ని మాత్రలు నూరకూడదు, అవేవో అడగండి.

గొట్టం ఊడితే? మొదటి నెలలో అయితే మీరు తిరిగి తొయ్యకండి. పోసింది జీర్ణాశయం బయట పడి ప్రాణం మీదికి వస్తుంది. ఆ తర్వాత ఊడినా కొన్ని గంటల్లోనే రంధ్రం మూసుకుపోతుంది. శుభ్రమైన గుడ్డ కప్పి, ఆ గొట్టం చేత్తో పట్టుకుని, ఆటో ఎక్కండి.

రుచి సంగతి చాలామంది అడగడానికి మొహమాటపడతారు. రంజాన్ నెలలో మీ చార్మినార్ చుట్టుపక్కల హలీం వాసన తప్పించుకోవడం ఎవరితరం? ఏది, ఎంత, ఎలా ఇస్తే పొలమారదో డాక్టరు చూసి చెబుతారు. ఆయన సరేనంటే నాలుక మీద కొద్దిగా రాయడంలో తప్పులేదు.

ఒక్కమాట. మీ ఉత్తరంలో మీరేమనుకుంటున్నారో ఉంది, అత్తయ్యగారేమన్నారో ఉంది. మీవారేమన్నారో లేదు. ఈ జబ్బులో మాట పోయినా చాలామందికి తెలివి చెక్కుచెదరదు. ఆయన వద్దంటే వద్దనే హక్కు ఆయనకుంది. అలాంటప్పుడు బాధ తెలియకుండా చూసుకునే వైద్యం వేరే ఉంది. రాయడం కష్టమైతే అక్షరాల పలక చూపించి అడగండి.

ఉస్మానియా ఆసుపత్రి మీకు మూసీ దాటితే వస్తుంది. నిమ్స్ పంజాగుట్టలో ఉంది. నరాల విభాగం, గ్యాస్ట్రో విభాగం రెండుచోట్లా ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఆరునెలల క్రితం బరువు, ఇప్పటి బరువు కాగితం మీద రాసుకెళ్ళండి. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు, షుగరు మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఊపిరి పరీక్ష ఈవారంలోనే చేయించండి.