మూడు సెల్లుల జ్ఞాపకశక్తి

1992లో షికాగోలో తయారైన 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' పిన్‌బాల్ యంత్రానికి ఇవాళ స్విచ్ వేస్తే, నారింజ రంగు చుక్కల తెర మీద ఒక్కోసారి 'ఫ్యాక్టరీ సెట్టింగ్స్ రిస్టోర్డ్' అని వస్తుంది. దీపాలు వెలుగుతాయి, పాట వినిపిస్తుంది, బంతి పరుగెడుతుంది. ఆటకేమీ లోటు లేదు. పోయిందల్లా పద్దు: ఎవరి రికార్డు ఎంత, ఆటకెన్ని నాణేలు, ఇప్పటిదాకా ఎన్ని ఆటలు నడిచాయి, ఇవాళ తేదీ ఏమిటి. ఇరవై వేలకు పైగా అమ్ముడుపోయిన యంత్రమిది. దానికి మతిమరుపు ఎందుకొచ్చిందో కనిపెట్టాలంటే, అసలు పిన్‌బాల్‌కు జ్ఞాపకం ఎలా వచ్చిందో ముందు తెలియాలి.

పిన్‌బాల్ అంటే అద్దం కప్పిన వాలు బల్ల. స్ప్రింగు లాగి వదిలితే స్టీలు గుండు పైకి దూసుకెళ్లి, అడ్డొచ్చినవాటిని గుద్దుకుంటూ కిందికి జారుతుంది. అడుగున ఉన్న రెక్కలతో దాన్ని మళ్లీ పైకి తన్నాలి. స్ప్రింగుతో గుండును తోసే పద్ధతికి మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. రెక్కలు 1947లో గాట్లీబ్ కంపెనీ 'హంప్టీ డంప్టీ'తో వచ్చాయి. 1970ల నడిమి దాకా లోపలంతా రిలేలు, మోటార్లు, తీగలు. స్కోరు చూపేది అంకెలు వేసిన చక్రాలు. కరెంటు పోయినా చక్రం ఆగినచోటే ఉంటుంది కాబట్టి ఆ లెక్క చెరిగేది కాదు.

మైక్రోప్రాసెసర్ వచ్చాక ఈ సుగుణం పోయింది. బ్యాలీ, విలియమ్స్ కంపెనీలు 1977 నాటికి మోటరోలా 6800 చిప్పుతో ఆటలు అమ్మసాగాయి. ఆట నియమాలు చెరగని రోమ్ చిప్పుల్లో భద్రంగా ఉండేవి. రోజురోజుకీ మారే పద్దును మాత్రం 5101 అనే చిన్న ర్యామ్ చిప్పులో దాచారు. దాని మొత్తం సామర్థ్యం 1,024 బిట్లు. నేటి ఫోనులో తెలుగులో టైపు చేసిన పొడవాటి వాక్యం ఒక్కటి కూడా అందులో పట్టదు.

ఈ చిప్పులో ఒక్కో బిట్టును ఆరు ట్రాన్సిస్టర్లు కాస్తాయి. ఒక జట్టు తెరుచుకుంటే రెండోది మూసుకుంటుంది. ఒకదాన్నొకటి అలాగే పట్టి ఉంచుతాయి. సీమాస్ పద్ధతిలో చేసిన చిప్పు కావడంతో బిట్టు మారేటప్పుడే కరెంటు గట్టిగా కావాలి. ఊరికే పట్టి ఉంచడానికి మైక్రోయాంపులు చాలు, వోల్టేజీ రెండు వోల్టుల దాకా పడిపోయినా పట్టు వదలదు. అందుకే చిన్న బ్యాటరీతో నెలల తరబడి పద్దు నిలిచేది. బ్యాలీ 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని బోర్డుకే సోల్డర్ చేసింది. విలియమ్స్ మూడు డబుల్-ఏ సెల్లులు పెట్టింది. గోడ గడియారంలో వేసే సెల్లులే అవి.

విలియమ్స్ బోర్డులో చిప్పుకు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. యంత్రం నడుస్తున్నప్పుడు ఐదు వోల్టుల సరఫరా, ఆపేశాక సెల్లులు. ఇంట్లో కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకున్నట్టే. రెండు దారుల్లోనూ కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒక్కోటి ఉంటుంది. సెల్లుల కరెంటు బోర్డంతా పారిపోకుండా ఒకటి, ఐదు వోల్టులు వెనక్కి సెల్లుల్లోకి దూరకుండా మరొకటి కాపు కాస్తాయి.

అసలు గండం స్విచ్ ఆపే క్షణంలో ఉంది. ఐదు వోల్టులు ఒక్కసారిగా సున్నా కావు, కాస్త కాస్తగా దిగుతాయి. ఆ దిగుడులో ప్రాసెసర్ మతి తప్పి, పద్దులో ఏదిపడితే అది రాసేయగలదు. అందుకే వోల్టేజీ జారుతోందని పసిగట్టి, ప్రాసెసర్‌ను ముందే ఆపి, ర్యామ్ తలుపు మూసే రీసెట్ సర్క్యూట్ ఉంటుంది. విలియమ్స్ ఇంకో తాళం కూడా వేసింది. నాణేల తలుపు తెరిచి ఉంటే తప్ప సెట్టింగ్స్ ఉన్న భాగంలో రాయడం కుదరదు. పైగా సాఫ్ట్‌వేర్ స్విచ్ వేయగానే పద్దును సరిచూసుకుంటుంది. లెక్క తేడా వస్తే పాత పద్దు మొత్తాన్నీ పక్కనపెట్టి ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌తో మొదలుపెడుతుంది.

అంటే 'మరిచిపోతోంది' అన్న ఒక్క ఫిర్యాదు వెనక సెల్లు, డయోడ్, చిప్పు, కాపలా కాసే రీసెట్ సర్క్యూట్ అని నలుగురు అనుమానితులు ఉన్నారు. మెకానిక్ వీళ్లను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవాలి.

విలియమ్స్ రకానికే చెందిన ఆడమ్స్ ఫ్యామిలీ బోర్డునే చూద్దాం. దాని ర్యామ్ 6264 రకం, 28 పిన్నులు. యంత్రం ఆపి, మల్టీమీటర్ నల్ల తీగ 14వ పిన్నుకు, ఎర్ర తీగ 28వ పిన్నుకు ఆనించాలి. నాలుగు వోల్టులకు కాస్త అటూ ఇటూగా చూపిస్తే సెల్లుల కరెంటు చిప్పుదాకా చేరుతున్నట్టే. చిప్పు దగ్గర సున్నా ఉండి, సెల్లుల హోల్డర్ దగ్గర 4.5 ఉంటే దారిలో ఎక్కడో తెగింది. తుప్పుపట్టిన స్ప్రింగా, తుప్పు తినేసిన ట్రాకా, తెగిన డయోడా అన్నది మీటర్‌తో అంగుళం అంగుళం జరుపుకుంటూ వెళ్తే దొరికిపోతుంది.

రెండో పరీక్షకు సెల్లులు తీసేసి యంత్రం ఆన్ చేయాలి. ఖాళీ హోల్డర్ దగ్గర ఐదు వోల్టులకు దగ్గరగా కనిపిస్తే డయోడ్ షార్ట్ అయింది. అంటే ఛార్జ్ చేయకూడని సెల్లులను యంత్రం ఇన్నాళ్లూ ఛార్జ్ చేస్తూ వచ్చింది. వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి కొత్త సెల్లులు కొద్ది వారాలకే అయిపోతుంటే, సెల్లుల దారిలో మీటర్ వరసగా కలిపి కరెంటు చూడాలి. యంత్రం ఆగి ఉన్నప్పుడు మిల్లీయాంపులు లాగుతుంటే చిప్పును అనుమానించాలి. ఇవేవీ కాక, ఆపిన ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి మరిచిపోతుంటే చూపు కాపలా మీదికి, అంటే రీసెట్ సర్క్యూట్ మీదికి తిప్పాలి.

పాత యంత్రాలు తమ జబ్బు తామే చెప్పుకుంటాయి. బ్యాలీ బోర్డు మీది చిన్న ఎర్ర దీపం స్విచ్ వేయగానే ఒకసారి మిణుకుమని, తర్వాత ఏడుసార్లు మెరవాలి. రెండు మెరుపులు వచ్చి మూడోది రాలేదంటే పరీక్ష తప్పింది 5101 చిప్పు. 1970ల చివరి విలియమ్స్ యంత్రాల్లో సెల్లులు చచ్చిపోతే ఆట మొదలు కాదు, తెర మీద లెక్కల అంకెలు కనిపిస్తాయి. నాణేల తలుపు తెరిచి, యంత్రం ఆపి మళ్లీ వేస్తే తాళం తీసినట్టయి కొత్త పద్దు రాసుకుంటుంది.

మరుపు చిన్న జబ్బే. సెల్లు కారడం మాత్రం బోర్డునే మింగేస్తుంది. ఆల్కలైన్ సెల్లులోని జింకు, వాడకపోయినా నీటితో మెల్లగా చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది. లోపల ఒత్తిడి పెరిగి సీలు వీగిపోతే పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి కారుతుంది. బ్యాలీ వాడిన నికెల్-కాడ్మియం బ్యాటరీలోనూ ఉన్నది ఆ క్షారమే. గాలి తగిలి కొంత తెల్లటి పొడిగా మారుతుంది. మిగతాది బోర్డు మీది ఆకుపచ్చ పూత కిందికి పాకి రాగి ట్రాకులను తింటుంది. తీగల తొడుగుల్లోకి ఎగబాకి లోపలి రాగిని నల్లబరుస్తుంది. బ్యాలీ బోర్డులో బ్యాటరీ పక్కనే ఉన్నది రీసెట్ సర్క్యూట్. పద్దును కాపాడేందుకు పెట్టిన బ్యాటరీ, కారినప్పుడు ముందుగా తినేది ఆ కాపలానే. దాంతో యంత్రం మొత్తానికే లేవదు.

కారిన బోర్డును ఊరికే తుడిస్తే లాభం లేదు. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి బ్రష్‌తో రుద్దాలి. అందులోని ఆమ్లం క్షారాన్ని విరిచేస్తుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడి లాగేయాలి. తుప్పుపట్టిన సోల్డర్ వేడికి కరగదు. మెరిసే లోహం కనిపించేదాకా గీకితే గానీ కొత్త సోల్డర్ అంటుకోదు. నల్లబడ్డ కనెక్టర్లను, సాకెట్లను దాచుకోకుండా మార్చేయాలి. ఏ మూలనో క్షారం మిగిలితే మరమ్మతు చేసినచోటే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

నేటి మెకానిక్‌లు సెల్లులను అసలు బోర్డు మీదే ఉంచరు. తీగ కట్టి దూరంగా, క్యాబినెట్ అడుగున పెడతారు. లేదా డయోడ్ జోడించి లిథియం బిళ్ల సెల్ వేస్తారు. సెల్లే వద్దనుకునేవాళ్లు ర్యామ్ తీసేసి ఫెర్రోఎలక్ట్రిక్ ర్యామ్ పెడుతున్నారు. అందులో సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన స్ఫటిక పొర ఉంటుంది. విద్యుత్ క్షేత్రం తగలగానే స్ఫటికంలోని పరమాణువు ఓ పక్కకు జరుగుతుంది, క్షేత్రం తీసేశాక కూడా అక్కడే ఉంటుంది. అంకెల చక్రం ఆగినచోట నిలిచినట్టే, కరెంటుతో పనిలేని జ్ఞాపకం.

అలాగని ఈ చిప్పును సర్వరోగ నివారిణిగా అమ్మేవాళ్ల మాట నమ్మకూడదు. అది నయం చేసేది సెల్లు జబ్బునే. రీసెట్ సర్క్యూట్ పాడై, స్విచ్ ఆపేటప్పుడు ప్రాసెసర్ పిచ్చిరాతలు రాస్తే, కొత్త చిప్పు వాటినీ అంతే శ్రద్ధగా దాచుకుంటుంది. పాత చిప్పయితే సెల్లులు పీకేస్తే చెత్త చెరిగిపోయేది, దీనికి ఆ చిట్కా కూడా పనిచేయదు. అందుకే నలుగురు అనుమానితుల్లో తప్పెవరిదో మీటర్‌తో తేల్చుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ వేడి చేయాలి.