కోడ్ క్లీనప్ అంటే ఊడ్చేయడం కాదు: ఫైల్‌సిస్టమ్ జర్నల్‌లో ఒక్క లైన్ పోతే ఏమవుతుంది?

కొత్త ఫోన్ రివ్యూ అనగానే స్టోరేజ్ దగ్గర మనం చూసేది స్పీడే. రీడ్ ఎంత, రైట్ ఎంత, అంతే. బ్యాటరీ అయిపోయి ఫోన్ ఠక్కున ఆగిపోయినా, ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే గ్యాలరీ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది కదా, ఆ పని ఎవరు చేస్తున్నారో ఏ బెంచ్‌మార్కూ చూపించదు. ఈసారి దాని గురించే మాట్లాడుకుందాం. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కి జర్నల్ నడిపే జేబీడీ2 కోడ్‌ని ఎవరైనా "క్లీనప్" చేస్తే, ఆ ప్యాచ్‌ని ఎలా చదవాలి అన్నది అసలు విషయం.

ఈఎక్స్‌టీ4 ఎక్కడుంది అంటారా? ఆండ్రాయిడ్‌లోకి 2010లో నెక్సస్ ఎస్‌తో వచ్చింది. ఇప్పుడు చాలా ఫోన్లలో యూజర్ డేటా శామ్‌సంగ్ తయారుచేసిన ఎఫ్2ఎఫ్ఎస్ మీద ఉంటోంది, దాని రికవరీ పద్ధతి వేరు. కానీ పాత ఫోన్లు, మీ ఉబుంటు ల్యాప్‌టాప్, మీరు వాడే యాప్‌ల వెనకున్న సర్వర్లలో బోలెడన్ని ఇంకా ఈఎక్స్‌టీ4 మీదే నడుస్తున్నాయి.

జర్నల్ అంటే ఏంటో మన వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. జి.కొండూరు, మైలవరం వైపు పాత కొట్లలో పెద్దవాళ్లని అడగండి, చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు చెప్తారు. బేరం జరిగిన వెంటనే చిట్టాలో రాస్తారు. తీరిక దొరికాక ఎవరి ఖాతా వాళ్లకి ఆవర్జాలో ఎక్కిస్తారు. ఎక్కిస్తుండగా మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, చిట్టా చూసి మళ్లీ ఎక్కించొచ్చు. ఈఎక్స్‌టీ4 చేసేదీ అదే. మామూలు సెట్టింగ్‌లో ఫోటో డేటా నేరుగా దాని చోటికి వెళ్తుంది. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే మెటాడేటా మాత్రం ముందు లాగ్‌లో పడుతుంది. 5 సెకన్లకి ఒకసారి, లేదా యాప్ ఎఫ్‌సింక్ అడిగినప్పుడు, ఒక ట్రాన్సాక్షన్ ముగిసిందని చివర్లో కమిట్ బ్లాక్ రాస్తారు. ఆ బ్లాక్ ఉంటేనే ఆ ట్రాన్సాక్షన్ లెక్కలోకి వస్తుంది.

ఒకే ఫంక్షన్, మూడు చుట్లు

కరెంటు పోయి వచ్చాక ఈ లాగ్‌ని చదివే పని జేబీడీ2లోని రికవరీ కోడ్‌ది. అందులో "డూ వన్ పాస్" అనే ఫంక్షన్ లాగ్ మీద మూడుసార్లు తిరుగుతుంది. మొదటి చుట్టులో లాగ్ ఎక్కడిదాకా పనికొస్తుందో చూస్తుంది. రెండో చుట్టులో రద్దు చీటీలు, అంటే రివోక్ రికార్డులు, ఏరుకుంటుంది. మూడో చుట్టులో మిగిలినవాటిని అసలు చోట్లలో రాస్తుంది. మూడు పనులూ ఒకే పొడుగాటి ఫంక్షన్‌లో, లోపల స్విచ్ కేసులు, వాటిలో లూపులు, గోటూలు. బీటెక్‌లో ఇలా రాస్తే ల్యాబ్‌లో మార్కులు కోసేస్తారు! సహజంగానే దీన్ని ముక్కలు చేస్తూ ప్యాచ్‌లు వచ్చాయి. మూడో చుట్టులో రాసే భాగం ఇప్పుడు కెర్నల్‌లో "జేబీడీ2 డూ రీప్లే" అనే వేరే ఫంక్షన్.

ఇలాంటి ప్యాచ్‌ల వివరణలో తరచుగా కనిపించే మాట "నో ఫంక్షనల్ చేంజ్". పనితీరేమీ మారలేదు, కోడ్ చోటు మారింది అంతే అని అర్థం. రివ్యూ చేసేవాడు ఆ మాటనే ముందు అనుమానించాలి.

లాగ్‌లో ఇప్పుడు ఎన్నో బ్లాక్ దగ్గరున్నామో ఒక వేరియబుల్ గుర్తు పెట్టుకుంటుంది. పాత కోడ్‌లో అది లోకల్ వేరియబుల్, గొడవ లేదు. కోడ్‌ని కొత్త ఫంక్షన్‌లోకి మార్చినప్పుడు దాన్ని పాయింటర్‌గా పంపాలి. ఉత్త విలువ పంపితే కంపైలర్ నోరు మెదపదు. లోపల లెక్క ముందుకి జరుగుతుంది, బయట మాత్రం పాత చోటే ఉంటుంది. అప్పుడు బయటి లూప్ మామూలు బ్లాక్‌ని హెడర్ అనుకుని చదివి, గుర్తు అంకె కనపడక "లాగ్ అయిపోయింది" అని ఆగిపోతుంది. లాగ్ చివర కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది కాబట్టి అక్కడికక్కడ అది ఎర్రర్ కాదు. పట్టుకునేది చివర్లో ఉన్న ఇంకో చిన్న చెక్: ప్రతి చుట్టూ మొదటి చుట్టు ఆగిన ట్రాన్సాక్షన్ దగ్గరే ఆగిందా? లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. చూడ్డానికి ఎప్పటికీ నిజం కాని షరతులా ఉంటుంది, "అనవసరం" అని తీసేయడానికి చెయ్యి దురద పెడుతుంది కూడా.

రివోక్ సంగతి ఇంకా ముఖ్యం. మీరు ఒక ఫోల్డర్ డిలీట్ చేశారు. దాని బ్లాక్ ఖాళీ అయింది, అదే చోట కొత్త ఫోటో డేటా పడింది. లాగ్‌లో మాత్రం ఆ బ్లాక్ పాత కాపీ, ఫోల్డర్‌గా ఉన్నప్పటిది, ఇంకా ఉంది. రద్దు చీటీ చూడకుండా రీప్లే చేస్తే ఆ పాత కాపీ వెళ్లి ఫోటో మీద కూర్చుంటుంది. అందుకే రెండో చుట్టు మూడో చుట్టు కంటే ముందే పూర్తవ్వాలి. "లూప్ ఒకటి తగ్గించాం, బూట్ ఫాస్ట్ అయింది" అని ఎవరైనా ఆ రెంటినీ కలిపేస్తే, పోయేది ఎవరిదో పెళ్లి ఫోటో.

ఇంకోటి నాకు బాగా నచ్చినది. ట్రాన్సాక్షన్ నంబర్లు పోల్చడానికి జేబీడీ2లో ప్రత్యేకంగా చిన్న ఫంక్షన్లు ఉన్నాయి. రెండు నంబర్లు తీసివేసి, తేడా సున్నా కంటే ఎక్కువా అని చూస్తాయి. నేరుగా "ఎక్స్ పెద్దదా వై పెద్దదా" అని రాస్తే పోయేదిగా? పోదు. ఆ నంబర్ 32 బిట్లది. 429 కోట్ల చిల్లర దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అప్పుడు కొత్త నంబర్ పాతదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. 5 సెకన్లకి ఒక కమిట్ అయితే అక్కడికి చేరడానికి 680 ఏళ్లు పడుతుంది, మనకెందుకులే అనుకోవచ్చు. కానీ ఎఫ్‌సింక్‌లు దంచే డేటాబేస్ సర్వర్‌లో సెకనుకి 100 కమిట్లు పడితే లెక్క వేయండి: 497 రోజులు. టెస్టింగ్‌లో ఎవరికీ దొరకదు, ఏడాదిన్నర నడిచిన సర్వర్‌లో బయటపడుతుంది.

2012 గోల

జర్నల్‌లో చిన్న మార్పు ఎంత కంగారు పుట్టిస్తుందో 2012 అక్టోబర్‌లో అందరూ చూశారు. లినక్స్ 3.6 సిరీస్ కెర్నల్‌తో ఈఎక్స్‌టీ4 పాడవుతోందని ఒక యూజర్ రిపోర్ట్ ఇచ్చాడు. ఈఎక్స్‌టీ4 మెయింటెయినర్ థియోడర్ సో మొదట అనుమానించింది జేబీడీ2లో ఒక బుల్లి మార్పుని. లాగ్ ఖాళీగా ఉన్నప్పుడు జర్నల్ సూపర్‌బ్లాక్‌ని ఊరికే మళ్లీ రాయడం ఎందుకు అని చేసిన మార్పు అది. టెక్ సైట్లన్నీ "మీ డేటా పోతోంది" అని హెడ్‌లైన్లు పెట్టేశాయి. తర్వాత తేలిందేంటంటే, ఆ యూజర్ నోబ్యారియర్ లాంటి, మామూలుగా ఎవరూ వాడని మౌంట్ ఆప్షన్లు వాడుతున్నాడు. అందరి డిస్కులకీ ముప్పేమీ లేదు.

నోబ్యారియర్ అంటే ఏం పోతుందో చెప్పాలి. స్టోరేజ్ చిప్‌కి సొంత క్యాష్ ఉంటుంది, మనం పంపిన వరుసలోనే రాయాలని దానికి రూలేమీ లేదు. కమిట్ బ్లాక్ ముందే పడిపోయి, లాగ్‌లో మిగతాది పడకముందే పవర్ పోతే? చిట్టాలో సంతకం ఉంది, పద్దు లేదు. అందుకే కమిట్ బ్లాక్‌కి ముందు "క్యాష్‌లో ఉన్నదంతా దింపు" అని కెర్నల్ ఆర్డర్ వేస్తుంది. నోబ్యారియర్ ఆ ఆర్డర్‌ని తీసేస్తుంది.

కస్టమ్ కెర్నల్స్ ఫ్లాష్ చేసే మనలాంటి వాళ్లకి ఇది దగ్గరి విషయం. "డైనమిక్ ఎఫ్‌సింక్" గుర్తుందా? స్క్రీన్ ఆన్‌లో ఉన్నంతసేపు ఎఫ్‌సింక్‌ని పక్కన పెట్టి, స్క్రీన్ ఆఫ్ అయ్యాక రాసేది. బెంచ్‌మార్క్ స్కోర్ పెరుగుతుంది, నిజమే. కానీ ఫోన్ హ్యాంగయ్యేదీ, చేతిలోంచి జారి ఆగిపోయేదీ స్క్రీన్ ఆన్‌లో ఉన్నప్పుడే ఎక్కువ కదా! నా మట్టుకు నేను ఆ ఆప్షన్ ఉన్న కెర్నల్‌ని రోజూ వాడే ఫోన్‌లో పెట్టను.

అలాగని క్లీనప్‌లే వద్దనడం లేదు. ఆ పొడుగాటి ఫంక్షన్‌లో ఏదైనా బగ్ ఉంటే కొత్తగా చదివేవాడికి కనపడదు, ముక్కలు చేస్తే కనపడుతుంది. ప్యాచ్ ఎలా వచ్చిందన్నదే తేడా. కోడ్ చోటు మార్చడం ఒక ప్యాచ్‌లో, పనితీరు మార్చడం ఇంకో ప్యాచ్‌లో ఉండాలి. రెండూ కలిపి వస్తే నేనైతే చదవకుండానే వెనక్కి పంపుతాను. తర్వాత టెస్టులు. ఎఫ్ఎస్‌టెస్ట్స్ అనే సెట్‌లో జెనెరిక్/475 అని ఒకటుంది. ఫైల్‌సిస్టమ్ మీద విపరీతంగా లోడ్ పెట్టి, మధ్యలో కింద ఉన్న డిస్క్‌ని ఎర్రర్లు ఇచ్చేలా మార్చేసి, మళ్లీ మౌంట్ చేసి రికవరీ అయిందో లేదో చూస్తుంది. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ. మీరు ఫాలో అయ్యే కెర్నల్ డెవలపర్ ఛేంజ్‌లాగ్‌లో "ఈఎక్స్‌టీ4 క్లీనప్స్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, 475 నడిపావా అన్నా అని అడగండి.