చలికాలమందు ఇంటిలోని పొడిగాలి: మనుష్యుల విషయమునను విత్తనముల విషయమునను తీసికొనవలసిన జాగ్రత్తలు

వానకాలపు కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరు దినములలోనే చలియు ముదురును. మార్గశిర పుష్య మాసములందు తెలంగాణపు మెట్టభూములలో ఆకాశము నిర్మలముగా నుండి, వీచు గాలిలో తేమ తక్కువగా నుండును. సముద్రతీర గ్రామములలో ఈ పొడి యంతగా కానరాదు. పెదవులు చిట్లుట, మడమలు పగులుట, ముక్కు ఎండి ఒక్కొక్కప్పుడు రక్తము కారుట, రాత్రివేళ పొడిదగ్గు వచ్చుట ఈ కాలమున సామాన్యము. రైతు ఇంట మనుష్యులును విత్తనములును ఒకే కప్పుక్రింద నుండుటచేత, మనుష్యులకు మేలుచేయు ఉపాయము విత్తనములకు కీడు చేయకుండ చూచుకొనవలెను.

కారణము

గాలి వేడెక్కిన కొలది ఎక్కువ తేమను పట్టగలదు. ఒక ఘనమీటరు గాలి 10 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో సుమారు 9 గ్రాముల నీటియావిరిని మాత్రమే పట్టును. 30 డిగ్రీల వేడిలో సుమారు 30 గ్రాములు పట్టును. కావున తెల్లవారుజామున మంచుతో నిండిన గాలియే మధ్యాహ్నము వేడెక్కినపుడు, తాను పట్టగలిగిన తేమలో మూడవవంతునకు మించి కలిగియుండదు. అట్టి గాలి చర్మము, ముక్కు, గొంతు మొదలగువాని తడిని లాగుకొనును. గది మూసి బొగ్గుల కుంపటి పెట్టినను ఇదియే జరుగును. గాలి వెచ్చబడును గాని తేమ పెరుగదు.

పడకగదిలో చేయవలసినవి

1. రాత్రి పండుకొనుటకు ముందు, ఉతికి పిండిన ధోవతినో దుప్పటినో గదిలో దండెముమీద ఆరవేయవలెను. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిలోని గాలికి ఘనమీటరునకు 5 గ్రాముల చొప్పున తేమ చేర్చుటకు పావు లీటరు నీరు చాలును. అయితే పెంకుల సందులనుండి గాలి మారుచుండును గాన, వెడల్పు మూతిగల పాత్రలో నీరు పెట్టుటకంటె తడిగుడ్డ ఆరవేయుటయే ఎక్కువ ఫలమిచ్చును.

2. పాత్రలో నీరు పెట్టినయెడల ప్రతిదినము పారబోసి, పాత్రను తోమి, క్రొత్త నీరు పోయవలెను. నిలువ నీటిలో దోమలు పెరుగును.

3. మిక్కిలి వేడినీటి స్నానము చర్మమును మరింత ఎండించును. గోరువెచ్చని నీట స్నానముచేసి, ఒడలు పూర్తిగా ఆరకమునుపే కొబ్బరినూనెగాని నువ్వులనూనెగాని పలుచగా రాచుకొనవలెను. నూనె తేమనియ్యదు, ఉన్న తేమను పోనీయక నిలుపును.

4. గోడలు చెమర్చినను, ముక్కవాసన వచ్చినను, తేమ మితిమీరినదని గ్రహించి పై ఉపాయములను ఆపవలెను.

కుంపటివలన ప్రాణాపాయము

చలికి తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట, విశేషించి పురిటిగదులలో, కొన్ని ఇండ్ల వాడుక. ఇది మిక్కిలి అపాయకరము. బొగ్గులు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగును లేదు, వాసనయు లేదు. పొగ లేకుండ ఎఱ్ఱగా నున్న నిప్పులనుండియు అది వెలువడును. కుంపటిమీద నీళ్ల గిన్నె పెట్టినను, సాంబ్రాణి వేసినను ఆ విషము పోదు. మొదట తలనొప్పి, కన్నులు తిరుగుట, వాంతి కలిగి, పిమ్మట స్పృహ తప్పును. నిద్రలో నున్నవారు మేల్కొనకయే మరణింతురు. కావున గదిని వెచ్చజేసిన పిమ్మట, నిద్రించుటకు ముందే కుంపటిని బయట పెట్టవలెను. బాలింతను, బిడ్డను దుప్పట్లతో వెచ్చగా నుంచవలెను. ఎవరికైన పై చిహ్నములు కనిపించిన, తడవుచేయక ఆరుబయటికి చేర్చి వైద్యుని పిలువవలెను.

విత్తనముల గది

మనుష్యులకు బాధ కలిగించు ఈ పొడిగాలియే విత్తనములకు గొప్ప మేలు. విత్తనము చుట్టునున్న గాలినిబట్టి తేమను పీల్చుచు విడుచుచుండును. దానిలోని తేమ నూటికి ఒక పాలు తగ్గిన, విత్తనపు ఆయుస్సు ఇంచుమించు రెట్టింపగును. వరివిత్తనమునందు తేమ నూటికి 13 పాళ్లకు మించరాదు. పంటితో కొరికిన గింజ మెత్తగా నణగక టక్కున విరుగవలెను.

విత్తనమును పగలు పలుచగా పరచి ఆరనిచ్చి, ప్రొద్దు గ్రుంకకమునుపే కుప్పచేసి కప్పవలెను. రాత్రి మంచుకు విడిచిన, పగలు పోయిన తేమ తిరిగి చేరును. బాగుగా నారి, చల్లారిన విత్తనమును కుండలలో పోసి, మూతపెట్టి, సందులను మన్నుతో మెత్తవలెను. విత్తనముల గదిలో తడిగుడ్డలు ఆరవేయరాదు. నీళ్ల కుండలు ఉంచరాదు. ఇల్లంతయు ఒకే గదియైనచో, ముందుగా విత్తనపు కుండల మూతలు మెత్తి, దండెమును వానికి దూరముగా కట్టి, ఉదయమున తలుపులు తెరచి గాలిని మార్చవలెను. ఇందులకు ఖర్చేమియు లేదు. చలికాలములో ఈ శ్రద్ధ వహించిన, తొలకరినాటికి విత్తనము చక్కగా మొలకెత్తును.