రూపచిత్రకారులు - వారి జీవనము, కీర్తి

హైదరాబాదునకు పడమట 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ వెలసినది మొదలు మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు విద్యకు నెలవులైనవి. తమ బిడ్డ లచట ఉద్యోగమును బడయవలెనని తలిదండ్రులు కోరుట సహజమే. అయినను, ఆ మాదాపూరుననే ప్రభుత్వ చిత్రశాల కలదు. గచ్చిబౌలియందలి హైదరాబాదు విశ్వవిద్యాలయమున చిత్రకళ బోధింపబడుచున్నది. మనుష్యరూపములను లిఖించువారికి జీవన మెట్లు గడచును? కీర్తి యెట్లు కలుగును? ఈ విషయమును సంగ్రహముగా వివరింప నుద్యమించితిమి.

శ్రీ లక్ష్మాగౌడుగారు 1940లో మెదకు జిల్లా నిజాంపూరున జన్మించి, హైదరాబాదునందును బరోడాయందును కళ నభ్యసించిరి. జీవనార్థము దూరదర్శనమున కొలువుచేసిరి. పిదప పైన జెప్పిన విశ్వవిద్యాలయమున బోధకులైరి. మైనము పూసిన లోహపు రేకుపై సూదితో గీచి, ఆమ్లమున ముంచి, గీతలయందు సిరా నింపి కాగితముపై నొత్తు పద్ధతిలో వీరు మిక్కిలి నిపుణులు. పల్లెజనులు, మేకలు, చెట్లు వీరి వస్తువులు. పద్మశ్రీ బిరుదము 2016లో, అనగా డెబ్బదియైదేండ్లు దాటిన పిదప, లభించినది.

శ్రీ తోట వైకుంఠముగారు 1942లో కరీంనగరు జిల్లా బూరుగుపల్లిలో జన్మించిరి. బరోడాలో కే. జీ. సుబ్రహ్మణ్యన్ గారియొద్ద విద్య గఱచిరి. "దాసి" చలనచిత్రమునకు కళాదర్శకత్వము నెఱపి జాతీయ బహుమానమును గొనిరి. పెద్ద బొట్టు, ఎఱ్ఱని చీర, నిండైన మేను గల తెలంగాణపు స్త్రీని జూచినంతనే, సంతకము వెదకకయే, ఇది వైకుంఠముగారి చిత్రమని జనులు గుర్తింతురు.

ఈ యిరువురును దూరదేశములయందు బరోడాదనుక నేర్చిన విద్యను తమ యూరివారిని జూచుటకే వినియోగించిరి. వారి కీర్తికి మూల మిదియే.

కీర్తి నిలుచుటకు దీర్ఘాయువే కారణమా? కాదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు 1925లో ఇరువదియెనిమిదేండ్లు నిండకయే స్వర్గస్థులైరి. కళాశాలాధ్యక్షుడగు కూల్డ్రే దొర వారి నేర్పును గుర్తించి బొంబాయి చిత్రకళాశాలకు బంపెను. మరణానంతరము వారి చిత్రములు చెదరిపోక ఆ పట్టణపు చిత్రశాలలో భద్రపఱుపబడినవి. గుర్తించు గురువును, భద్రపఱచు పురజనులును లేకున్నచో నేడు మన మా పేరు నెఱుగుదుమా?

కావున తలిదండ్రులారా, బొమ్మలు వేయు బిడ్డ చేతినుండి కుంచెను లాగికొనకుడు. జీవనమునకు వేఱొక వృత్తి తోడుండవచ్చును. లక్ష్మాగౌడుగారికి నుండెను గదా. విద్యార్థులారా, సెలవుదినమున మాదాపూరు చిత్రశాలను దర్శింపుడు. తిరిగివచ్చి, మీ యింటివారి ముఖమును శ్రద్ధతో జూచి చిత్రింపుడు.